నూలు కత్తెర

సాంచె మీద ఒక్క పోగు కూడా లేదు.

పొద్దున ఊడ్చుదామని చీపురు పట్టుకుని వెళ్లి చూశాను. నూనె పెట్టి, గుడ్డతో తుడిచి ఉంచాడు మా ఆయన. కొసలన్నీ కోసేశాడు.

మా సిరిసిల్లలో సాంచె, అదే మరమగ్గం, నడిపే వాళ్లెవరూ అట్లా కోయరు. బట్ట దించినా జానెడు పోగులు సాంచెకే వదిలేస్తారు. నిలువు పోగులు చుట్టిన కొత్త భీము వచ్చినప్పుడు ఆ కొసలకే అతకాలి. ఆర్డర్లు ఆగి నాలుగు నెలలైనా మా సాంచె మీద ఆ పోగులు ఉన్నాయి. నిన్నటి దాకా.

"తయారు కా, సంగీతా. గుడికి, గుట్టకు, ఖిల్లాకు పోయొద్దాం," అన్నాడు బయట బండి తుడుస్తూ. "పెండ్లైనప్పుడు చూపిస్తనన్న గద. పన్నెండేండ్లాయె."

ఇంకొకప్పుడైతే ఎగిరి గంతేసేదాన్ని.

పోయిన నెల పక్కింటి నాగవ్వ మొగుడు కూడా ఇట్లాగే పెళ్లాం పిల్లల్ని కొండగట్టు తీసుకెళ్లాడు. మిర్చి బజ్జీలు తినిపించాడు. ఫొటో దిగాడు. మూడో రోజు ఆ ఫొటోకే దండ వేశారు.

అతనిదీ సాంచె పనే.

అడిగితే అదే నిజమవుతుందేమోనని భయం.

వేములవాడలో కోడె మొక్కు తీర్చాం. మా బిడ్డ నవ్య పుట్టినప్పుడు మొక్కిన మొక్కు అది. పని ఆగాక నవ్యను ఎల్లారెడ్డిపేటలో మా అమ్మ దగ్గర ఉంచాం. పదేళ్లుగా రేపూ మాపూ అంటూ దాటేసిన మనిషికి ఇవాళే గుర్తొచ్చింది.

కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరిగాం. కట్టేసే చోట ఆయన వదులుగా, ఉచ్చులా ముడి వేస్తుంటే చూడలేకపోయాను. తాడు లాక్కుని నేనే బిగించాను.

పూజారి మా ఆయన పేరు అడిగాడు.

"మార్కండేయులు."

"యముణ్ణే వెనక్కి పంపిన పేరు నాయనా," అని పూజారి నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు.

కొండగట్టు దారిలో చేలన్నీ వరికోతల మీదున్నాయి. వెనక కూర్చుని చేయి ముందుకు పోనిచ్చి ఆయన చొక్కా జేబు తడిమాను. కత్తెర తగిలింది. పోగులు తెంపే నూలు కత్తెర, వేలెడంత ఉంటుంది. పని లేకపోయినా అది మాత్రం జేబులో ఉండాల్సిందే.

"ఏం దేవులాడుతున్నవ్?"

"ఏం లేదు."

రాసిన కాగితమేదీ లేదు. కాస్త ఊపిరి తిరిగింది.

గుట్ట మీద బజ్జీలు కొనిచ్చాడు. తినకుండా పట్టుకుని కూర్చున్నాను. కోతి వచ్చి పొట్లం గుంజుకుపోతే నయమే అనుకున్నాను.

"ఒక ఫొటో దిగుదామా?"

"వద్దు."

అరిచినట్టే అన్నాను. దర్శనం లైన్లో వాళ్లు తిరిగి చూశారు.

జగిత్యాల చేరేసరికి ఎండ వాలింది. ఖిల్లా బురుజు మీద తుప్పు పట్టిన ఫిరంగి. కింద కందకంలో నీళ్లు. ఆయన అంచు దాకా వెళ్లి నిలబడ్డాడు. నేను పోయి చేయి పట్టుకున్నాను.

"పడిపోతననుకున్నవా?"

"నాకే కండ్లు తిరుగుతున్నయ్. ఇటు రా."

వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నవ్యకు అమ్మమ్మ తాన మంచిగ అలవాటైంది గద. బడి గూడ ఎల్లారెడ్డిపేటలనే ఏస్తే అయిపాయె."

ఆయన మోచేయి పట్టుకున్నాను.

"ఎందుకు?"

"నేను రేపు భీవండి పోత. జలపతి పిలిసిండు. ఆడ సాంచాలు మంచిగ నడుస్తున్నయట."

"ఎప్పుడు పిలిసిండు?"

"నిన్న. ఫోన్ జేసిండు." నా కళ్లలోకి చూడలేదు.

మహారాష్ట్రలోని భీవండికి సాంచె పనికి పోయిన మా వాడ జలపతిని మొన్ననే రేషన్ దుకాణం దగ్గర చూశాను. అక్కడ కూడా పని లేక ఇంటికి వచ్చేశాడు. ఆ సంగతి మా ఆయనకు తెలియదు.

"కోరుట్ల దాక పోదామా?" అన్నాడు లేస్తూ. "అక్కను చూడక చాన రోజులాయె."

"ఇంక ఎందర్ని చూస్తవయ్యా?"

నోరు జారింది. ఆయన విననట్టే మెట్లు దిగాడు.

బండి ఎక్కాను. నా కొంగు చివర, ఆయన చొక్కా అంచు దగ్గరకు తెచ్చి ముడి వేశాను. నూలు కండెలు చుట్టిన వేళ్లు నావి. పోగుకు పోగు అతికే ముడి అది. లాగితే ఇంకా బిగుస్తుంది. విప్పరాదు, కోయాల్సిందే.

బండి కదలగానే చొక్కా గుంజింది. ఆపి, చేయి వెనక్కి పెట్టి తడిమాడు. ఇరవై ఏళ్లు సాంచె నడిపిన చేయి. వేలు తగలగానే ఏ ముడో తెలిసిపోయింది.

"ఏంది సంగీతా గిది?"

"పోగులు ఇడువకుంట కోసినవ్. నేను అతికిన." ఇక ఏడుపు ఆగలేదు. "జలపతి మొన్ననే ఇంటికచ్చిండు. నేను చూసిన. నాకు భయమైతంది."

బండి బందు చేశాడు. నాకు ఆయన వీపే కనబడుతోంది. తల వంచి హ్యాండిల్ మీద ఆనించాడు.

కాసేపటికి జేబులోంచి కత్తెర తీశాడు.

కొంగు గుప్పిట్లో బిగబట్టుకున్నాను.

ముడి దగ్గరకు తేలేదు. చేయి వెనక్కి చాపి, నా అరచేతిలో పెట్టాడు.

"నీ తాననే ఉండనియ్," అన్నాడు.

కోరుట్ల దారి వదిలి బండి వెనక్కి తిప్పాడు.

ఎల్లారెడ్డిపేటలో నవ్య ఎదురొచ్చేదాకా నేను ఆ గుప్పిట తెరవలేదు.