ఒంటి సీటు

జర్మనీలో చావు కూడా ముందు టెర్మిన్ తీసుకునే వస్తుందని జితేంద్ర నమ్మకం. చెప్పకుండా, టైము రాయించుకోకుండా ఎవరూ ఎవరింటికీ రారు. ఆ ధైర్యంతోనే ఒక్కడికని తీసుకున్న గదిలో చలికాలం మొదలైనప్పటి నుంచీ ఇద్దరు కాపురం ఉంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ పప్పన్నం ముందు కూర్చున్నారు. కాలింగ్ బెల్ మోగింది. జితేంద్ర తలుపు కంతలోంచి చూసి ఒక్క గంతులో వెనక్కి వచ్చాడు.

"ఫ్రా లిండ్నర్!" అన్నాడు గుసగుసగా.

ఇంటి ఓనరు. ఎనభై దాటినా నిటారుగా నడుస్తుంది. ప్లాస్టిక్ వేసే చెత్తడబ్బాలో కాగితం ముక్క కనిపిస్తే, అది ఎవరిదో కనిపెట్టేదాకా నిద్రపోదు. తాళంచెవి ఇచ్చిన రోజే చూపుడువేలు ఎత్తి, "ఒక్కరే" అని చెప్పింది. పట్టుబడితే ఇద్దరూ పెట్టెలతో సహా రోడ్డు మీద ఉంటారు. లైప్‌జిగ్‌లో ఉద్యోగమన్నా దొరుకుతుందేమో గానీ ఇంకో గది దొరకదు.

"బావా, నేనెక్కడికి పోయేది?" అన్నాడు వీరాంజనేయులు, ముద్ద నోట్లో ఉండగానే. జితేంద్రకి మేనమామ కొడుకు. నరసరావుపేట నుంచి వచ్చీ రాగానే ఇక్కడి చలికి దగ్గు పట్టుకుంది.

"బీరువాలోకి దూరు. దగ్గావంటే చంపుతా."

చెక్క బీరువా తలుపు మూసి, మొహానికింత నవ్వు పులుముకుని, జితేంద్ర తలుపు తీశాడు.

ఫ్రా లిండ్నర్ లోపలికి వచ్చింది. గదంతా ఓసారి కలియజూసింది. చూపు బల్ల మీద ఆగింది.

"రెండు ప్లేట్లా?"

"మా ఆచారమండీ. ఒకటి నాకు, ఒకటి దేవుడికి."

దేవుడి ప్లేటులో సగం అన్నం అప్పటికే అయిపోయింది. పక్కన కొరికిన మిరపకాయ కూడా ఉంది.

"మీ దేవుడు బాగానే తింటాడు," అంది ఆవిడ నవ్వకుండా. కుర్చీ లాక్కుని సరిగ్గా బీరువాకి ఎదురుగా కూర్చుంది.

"మీరు శనివారాలు విమానాల మ్యూజియంలో గైడుగా చేస్తారటగా? పక్కింటి పిల్లలు చెప్పారు."

"అవునండీ."

"అక్కడ యుద్ధకాలం నాటి ఫైటర్ ఒకటుందట. ఒంటి సీటుది. నాకో సంగతి చెప్పండి హెర్ జితేంద్ర. ఒక్కరికే అన్న చోట ఇంకొకరు పడతారా?"

జితేంద్ర బీరువా వైపు చూడకుండా బల్ల మీది ప్లేట్లు సర్దాడు. ఆహా, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి లాక్కొస్తోంది ముసలావిడ!

పడతారని అతనికి తెలుసు. అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. యుద్ధం చివరి రోజుల్లో పారిపోయే పైలట్లు సీటు వెనక డొల్లలో తమ మెకానిక్కుల్నీ, ఒక్కోసారి ఇంటివాళ్లనీ పడుకోబెట్టుకుని ఎగిరిపోయేవాళ్లని ప్రతి శనివారం చేతులు తిప్పుతూ చెబుతాడు. పక్కనున్న చిన్న తలుపు తెరిచి చూపిస్తాడు. పిల్లలు చప్పట్లు కొట్టేది అక్కడే.

కానీ ఇది మ్యూజియం కాదు.

"అసాధ్యమండీ," అన్నాడు. "ఒంటి సీటంటే ఒంటి సీటే."

"సీటు వెనక ఖాళీ ఉంటుందటగా?"

"అక్కడ రేడియో ఉంటుంది."

"రేడియో పీకేస్తే?"

"రూల్స్ ఒప్పుకోవు."

"ఒక ఆడమనిషి, ఒళ్లో చిన్న బిడ్డ. ముడుచుకుని పడుకుంటేనో?"

ఓరి నాయనో, రేపు పెళ్లాం బిడ్డల్ని కూడా దింపుతాననుకుంటోంది కాబోలు!

"అస్సలు పట్టరు."

"లోపల చీకటిగా ఉంటుందా? పెట్రోలు వాసన వేస్తుందా?"

"మనిషి ఎక్కితే కదండీ వాసన సంగతి! అలా వచ్చామని ఎవరైనా చెప్పుకుంటే అది పచ్చి అబద్ధం. గొప్పలకి పోయి అల్లిన కథ. రూల్సంటే లెక్కలేని వాళ్ల మాటలవి. నేనైతే ఒక్కరికన్న చోట రెండో మనిషిని కలలో కూడా ఊహించను."

తన జర్మన్ ఇంత ధారాళంగా సాగడం చూసి అతనికే ఆశ్చర్యం వేసింది. బి వన్ భాషా పరీక్షలో కూడా ఇంత బాగా మాట్లాడలేదు.

ఫ్రా లిండ్నర్ చేతిసంచీ తెరిచింది, మళ్లీ మూసింది. నిటారుగా ఉండే ఆ భుజాలు కాస్త కిందికి జారాయి.

"అందరూ అదే అంటారు," అంది నెమ్మదిగా. "మీరు వేరేగా చెబుతారని పిల్లలు అన్నారు. అందుకే టెర్మిన్ కూడా అడగకుండా వచ్చేశాను."

"పిల్లల మాటలకేమండీ!" అన్నాడు జితేంద్ర. గండం గట్టెక్కింది. గది దక్కింది. లోపల్లోపల ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బీరువా దగ్గింది.

జితేంద్ర గబగబా తనూ దగ్గాడు. బీరువా ఇంకోసారి దగ్గింది. జితేంద్ర కూడా దగ్గాడు, కానీ కొంచెం ఆలస్యమైంది.

"చలండీ," అన్నాడు గుండెలు రుద్దుకుంటూ.

ఆవిడ లేచింది, గుమ్మం వైపు వెళ్లకుండా బీరువా ముందు ఆగి, చెక్క మీద రెండుసార్లు మెల్లగా తట్టి, "ఆపుకోకు బాబూ, దగ్గేయ్, మా నాన్న సీటు వెనక ఆ చీకట్లో, అమ్మ ఒళ్లో, నేనూ ఆపుకోలేకపోయాను," అంది.