ఒక్క మంచి ఆదివారం

"కార్లన్ని ఆ పక్క హోటల్ ముంగట పెట్టుండ్రి. ఫొటోల మన హోటల్ బోర్డు సాఫ్‌గ కనవడాలె" అంటూ ప్రగతి రోడ్డు అంచున నిలబడి చేతులు ఊపుతోంది.

పద్దెనిమిది కార్లు, వాటి వెనక అరడజను స్కూటీలు. దిగినవాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల బృందం పేరు 'అక్కల అడ్డా'. ఆడవాళ్లు నడిపే హోటళ్లకూ చిన్న వ్యాపారాలకూ అండగా నిలవడం దాని పని. నెలకొక ఆదివారం అందరూ కూడబలుక్కుని, ముందుగా చెప్పకుండా ఒక హోటల్‌ మీద పడతారు. కడుపునిండా తింటారు. ఫొటోలు తీసి ఊరంతా తెలిసేలా పెడతారు.

ప్రగతికి చేవెళ్లలో బొటిక్ ఉంది. అడ్డా పెట్టిందీ ఆమే, నడిపేదీ ఆమే, ఎవరైనా రాకపోతే ఫోన్ చేసి నిలదీసేదీ ఆమే.

ఈ నెల వంతు అంతమ్మ హోటల్‌ది.

సోమవారం నాడు ప్రగతికి ఒకామె ఫోన్ చేసింది.

"మేడం, మొయినాబాద్ దాటినంక ఎంకపల్లి మలుపు కాడ రొట్టెల హోటల్ నాది. గిరాకి పడిపోయింది. ఒక్క మంచి ఆదివారం దొరికితె నిలవడుత. లేకుంటె గీ ఆదివారమే ఆఖరు. తెల్లారి నుంచి ఏదన్న ఫామ్‌హౌస్‌ల పనికి పోత."

"ఫికర్ చెయ్యకక్కా, నేను చూసుకుంట."

అంతలో బొటిక్‌లోకి పెళ్లివారు దిగారు. ఇంకో మాట మాట్లాడటానికి వీలు కాలేదు. ఆ గొంతు మాత్రం ప్రగతిని రాత్రంతా వదల్లేదు. ప్రగతికి కొంత తొందర ఉన్నా, మనసు మంచిదే.

బుధవారం ఆమె స్వయంగా వచ్చి చూసుకుపోయింది. మలుపు దగ్గర గోడకు గోడ ఆనుకుని రెండు రొట్టెల హోటళ్లున్నాయి. ఒకటి అంతమ్మ హోటల్, రెండోది జంగయ్య హోటల్. కారు దిగకుండానే ప్రగతికి సంగతంతా అర్థమైపోయింది. ఒక ఆడమనిషి నాలుగు రొట్టెలు కాల్చుకుని బతుకుతుంటే, పక్కనే వచ్చి ఇంకో పొయ్యి పెట్టాడన్నమాట ఈ జంగయ్య. ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికి పోగానే అడ్డా గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టింది.

తీరా ఇవాళ వచ్చేసరికే అంతమ్మ హోటల్లో సగం బల్లలు నిండి ఉన్నాయి.

"మెసేజ్ పవర్ చూసినవా?" అంది ప్రగతి, పక్కనున్న సమతతో. సమత కూడా చేవెళ్లలోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది.

గల్లా దగ్గర మీసాలాయన ఒకడు కూర్చున్నాడు. పేరు జగదీశ్ అన్నాడు.

"అంతమ్మగారు మీకేమైతరు?"

"మా అమ్మ మేడం."

"జర పిలువుండ్రి. సన్మానం చెయ్యాలె."

జగదీశ్ ఆ యాభై మందినీ చూశాడు. ప్రగతి చేతిలోని శాలువానూ చూశాడు. గాలివాటం తెలిసిన మనిషి.

"అమ్మ నలుగుర్ల నిలవడదు మేడం. ఆమె తరఫున నేను తీసుకుంట."

"పాపం, ఫోన్ల కూడ గట్లనే భయపడుకుంట మాట్లాడింది" అంటూ ప్రగతి కళ్లు తుడుచుకుంది.

శాలువా జగదీశ్ భుజాల మీదికెక్కింది. వెనక గోడకు 'మహిళాశక్తి' అన్న బ్యానర్ కట్టారు. ఫొటోలో బ్యానర్ కంటే మీసమే బాగా పడింది.

ఇక రొట్టెల కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి. ఒంటిగంట దాటింది. నాటుకోడి కూర వాసన వస్తోంది గానీ కూర రావడం లేదు.

"అక్కా, నాకు షుగరున్నది, కండ్లు తిరుగుతున్నయ్" అంది సమత. "పక్క హోటల్ ఖాళీగనే ఉన్నట్టున్నది. రెండు రొట్టెలు తినొస్త."

"జంగయ్యలను బతికియ్యనీకె వచ్చినమా మనం? కూసో."

"ఆకలికి ఆడ మగ ఉంటదా అక్కా?"

"గీ ఒక్కనాడన్న ఆయనకు తెల్వాలె, ఆడోళ్లు ఒక్కటైతె ఎట్లుంటదో."

సమత సంచిలోంచి బిస్కెట్ తీసి నోట్లో వేసుకుంది. ప్రగతితో వాదించి గెలిచినవాళ్లు చేవెళ్లలో ఇంకా పుట్టలేదు.

అప్పుడే మోటార్‌సైకిల్ మీద భార్యాభర్తలు వచ్చారు. జంగయ్య హోటల్‌ వైపు తిప్పారు. కార్ల మధ్య సందు కనిపించలేదు. అటూ ఇటూ చూసి చేవెళ్ల దిక్కు వెళ్లిపోయారు. కిటికీలోంచి అది చూసి ప్రగతి లోలోపలే నవ్వుకుంది. అలాంటివాళ్లు ఇంకో ముగ్గురు నలుగురు వచ్చి తిరిగిపోయారు. ఆమె అందరినీ చూసింది.

మూడయ్యేసరికి అంతమ్మ హోటల్లో కూర గిన్నె అడుగంటింది. పిండి అయిపోయింది. జగదీశ్ శాలువా తీయకుండానే డబ్బులు తీసుకుంటున్నాడు. ప్రగతి లేచి నిలబడింది.

"అక్కలారా, ఇయ్యాల మనం ఒక పొయ్యి ఆరిపోకుండ చూసినం."

ఆమె నిజంగానే సంతోషపడింది. అందరూ చప్పట్లు కొట్టారు, బిస్కెట్ తిన్న సమత కూడా.

ప్రగతి ఫోన్ మోగింది. తెర మీద 'రొట్టెల హోటల్ అక్క' అన్న పేరు పడింది. సోమవారం నాడు ఆమె అలాగే రాసి పెట్టుకుంది.

"చూడుండ్రి, ఎదురుంగ వచ్చి చెప్పనీకె సిగ్గు. వంటింట్ల నుంచి ఫోన్ చేస్తున్నది" అని నవ్వుతూ, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

"మేడం, ఇగ మీరు రాకున్న మంచిదే, ఇయ్యాల పక్క హోటల్‌కొచ్చిన ఆడోళ్ల కార్లు అడ్డముండి నా కాడికి ఒక్క గిరాకి రాలే, మా బాపు జంగయ్య పేరు మీదున్న బోర్డు గిప్పుడే దింపిచ్చిన."