పద్నాలుగో రెఫరెన్స్

"వ్యాసాలు తీసుకునుడు అయిదింటికి బంద్ అయితదంట అక్కా. ఆ తర్వాత పంపినా తీసుకోరు," అంటూ ఉబేద్ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

హెప్సిబా గోడ గడియారం వైపు చూసింది. రెండుంబావు. సరేనన్నట్టు కుర్చీ ముందుకు జరుపుకుంది.

భద్రాచలం బస్టాండు వెనక సందులో ఆమెది చిన్న డీటీపీ షాపు. కూతురి పేరు మీద 'స్తుతి గ్రాఫిక్స్' అని బోర్డు పెట్టుకుంది. పెళ్లి కార్డులు, దరఖాస్తులు, జిరాక్సులు చేస్తుంది. పరిశోధనలు చేసేవాళ్లు మాత్రం ఖమ్మం, పాల్వంచల నుంచి కూడా ఆమెను వెతుక్కుంటూ వస్తారు. ఏ పత్రిక ఏ పద్ధతిలో అడిగితే ఆ పద్ధతిలో రెఫరెన్సులు సర్దిపెట్టడం ఆ చుట్టుపక్కల ఆమెకే బాగా వచ్చు.

ఉబేద్ లోపలి అడవి పల్లెల్లో డాక్టరు. చేరి రెండేళ్లయింది. అక్కడి పిల్లలకు వస్తున్న మలేరియా మీద ఒక వ్యాసం రాసి సైన్సు పత్రికకు పంపాడు. రెండుసార్లు తిరిగొచ్చింది. విషయం బాగుందన్నారు. చివర్లో ఇచ్చిన రెఫరెన్సుల పట్టిక తమ పద్ధతిలో లేదన్నారు. ఇది ఆఖరి అవకాశం.

"ఇది అచ్చయితేనే పైవాళ్లు నా మాట వింటరక్కా. వానలు మొదలుకాకముందే ఊళ్లకు టెస్టు కిట్లు తెప్పియ్యాలె. పోయినేడు ముగ్గురు పిల్లలు నా చేతులల్లనే పోయిండ్రు."

హెప్సిబా ఫైలు తెరిచింది.

ముప్పై నాలుగు రెఫరెన్సులు. ముందు ఇంటిపేరు. తర్వాత పొడి అక్షరాలు. వాటి మధ్య చుక్కలుండకూడదు. సంవత్సరం తర్వాత సెమీకోలన్. ఆమె ఒక్కొక్కటే దిద్దుకుంటూ కిందికి దిగుతోంది. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. ముఖంలో విసుగూ లేదు, ఆసక్తీ లేదు.

మధ్యలో భర్త జాషువా సారపాక నుంచి ఫోన్ చేశాడు. మిల్లులో అతనిది పగటి షిఫ్టు.

"తిన్నవా?"

"తిన్న."

తినలేదు. ఫోను పెట్టేసి మళ్లీ మౌస్ పట్టుకుంది.

పద్నాలుగోదాని దగ్గర ఉబేద్ తల గోక్కున్నాడు. "దీనికే పేజీ నంబర్లు దొరకలె. పాత పత్రిక. వెబ్‌సైటు తెరుచుకుంటలేదు. పోనీ తీసేద్దామంటే నా పేపరే నిలబడదు. ఈ ఏజెన్సీల ఇంటింటికి తిరిగి పిల్లల రక్తం పరీక్ష చేసింది మొట్టమొదట వీళ్లే."

"నూటనలభై ఒకటి నుంచి నూటనలభై తొమ్మిది," అంది హెప్సిబా, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

ఉబేద్ ఆశ్చర్యపోయాడు. "నీకెట్ల తెలుసక్కా?"

"ఈ దిక్కు మలేరియా మీద రాసేటోళ్లందరు దీన్నే పెడతరు సార్. కొట్టీ కొట్టీ నోటికొచ్చింది."

"బచాయించినవ్ అక్కా!"

ఆమె అంకెలు కొట్టింది. ఆ తర్వాత వెంటనే కిందికి దిగలేదు.

"దీనికి రాసినోళ్లు ఏడుగురున్నరు సార్."

"ఆరుగురే ఉండాలె. ఆ పైన ఎందరున్నా పేర్లు తీసేసి 'ఎట్ ఆల్' అని పెట్టాలె. తదితరులు అన్నట్టు. రూల్సుల ఉన్నది చూడు."

"పోయేది ఒక్క పేరే కద సార్. ఉంచితే ఏమైతది?"

"మళ్ల తిప్పి కొడతరు. ఒక్క పేరు కోసం ఈ వానకాలం కూడ పోగొట్టుకుందమా?" ఉబేద్ గొంతులో కోపం లేదు, తొందరే ఉంది. "ముందున్న ఆరుగురు పెద్ద ప్రొఫెసర్లు. ఏడో పేరంటే, ఊళ్లు తిరిగి రక్తం స్లైడ్లు మోసిన స్టూడెంటెవరో అయ్యుంటరు. గా పేరు ఎవరు చూస్తరక్కా?"

"అవ్ సార్. ఎవరు చూడరు."

బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టింది. ఒక్కో అక్షరం వెనక్కి పోయింది. ఆ ఖాళీలో 'ఎట్ ఆల్' అని కొట్టి, చుక్క పెట్టి, పదిహేనోదానికి దిగింది.

నాలుగూ నలభైకి వ్యాసం వెళ్లిపోయింది. అందినట్టు పత్రిక నుంచి జవాబు రాగానే ఉబేద్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"నీ పూర్తి పేరు చెప్పక్కా. అచ్చుకు పోయే ముందు వాళ్లు మళ్ల ఒకసారి చూపిస్తరు. అప్పుడు కృతజ్ఞతల కాడ నీ పేరు కూడ రాస్త."

"వద్దు సార్."

"ఎందుకక్కా?"

"అలవాటు లేదు."

అతను ఇంకేదో అనబోయాడు. బస్టాండులో అతని పల్లె వైపు పోయే ఆఖరి బస్సు హారన్ కొట్టేసరికి బ్యాగు తీసుకుని పరిగెత్తాడు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ సోమ్లా లోపలికొచ్చాడు. కూతురి పెళ్లి కార్డు ప్రూఫు చేతిలో ఉంది.

"మా చిన్న బామ్మర్ది పేరు ఇడిచిపెట్టినవ్ అక్కా. ఒక్క పేరు పోయినా ఇంట్ల లొల్లయితది."

"ఎక్కిస్త అన్నా, కూసో," అంది హెప్సిబా.

కార్డు ఫైలు తెరుచుకుంటుంటే బల్ల మీది పాత నోటుపుస్తకం తీసి, చివరి పేజీలో ఒక చిన్న గీత గీసింది: షాపు పెట్టిన ఈ తొమ్మిదేళ్లలో తన పేరును తన చేత్తోనే తుడిచేయడం ఆమెకు ఇది ఇరవై మూడోసారి.