ఆరో వరస

"ఆ సీసాలో ఏముంది బాబాయ్?"

అందరూ భోజనాలకు వెళ్ళాక ట్యాంకు దగ్గర ఒంటరిగా దొరికాడు ముసలి మెకానిక్. ఇన్‌ఛార్జి మేడమ్ గొంతు విని కూడా ఉలిక్కిపడలేదు. అది ఆమె అనుమానాన్ని ఇంకా పెంచింది.

ఏటి నీళ్ళకీ సముద్రపు నీళ్ళకీ మధ్య పల్చటి పొరలు అడ్డుపెట్టి కరెంటు తీసే ప్లాంటు అది. ఐదు వరసల్లో పొరలు ఎండుటాకుల్లా పెళుసెక్కి చిట్లిపోయాయి. బాబాయ్ చూసుకునే ఆరో వరస మాత్రం నిక్షేపంగా ఉంది. మిగతావాటికి ఎసరు పెట్టింది ఇతనే అయ్యుండాలి.

సీసా లాక్కుని వాసన చూసింది. ఏ వాసనా లేదు.

"బ్లీచింగ్‌కి విరుగుడమ్మా. కడిగాక నా వరసలో పోస్తాను. పాచి వదలాలని బ్లీచింగ్ రెట్టింపు చేయించారుగా మీరు? దానికి పాచీ పోతుంది, పొరా పోతుంది."

"ఇంత తెలిసి నోరు మూసుకున్నావా?"

"మీకు చెబితే కసిరారు. మిగతా వరసలవాళ్ళకీ చెప్పాను, వినలేదు."

బాబాయ్ సీసా అందుకుని మూత బిగించాడు.

"వాళ్ళు బుద్ధిమంతులమ్మా. మీ మాట జవదాటరు."