నాలుగో వంతు

"వాణ్ణి తీసుకోకండి సార్. వాడి మెడ బాగాలేదు."

గుమ్మంలో మట్టి బూట్లతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆటగాళ్ళను ఎంచే ఎమెట్ క్రౌలీ తలెత్తి చూశాడు.

ఇప్పుడంటే అన్నీ తెరల మీదే. ఆ రోజుల్లో గోడ నిండా పేర్లు రాసిన అట్టముక్కలు, గది నిండా చుట్టపొగ. కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఆ డ్రాఫ్ట్ రోజంటే ఎమెట్‌కి పెళ్ళిసందడే.

ఆ ఏడాది ఎంపికలో టొలీడోది నాలుగో వంతు. గోడ మీద అందరికన్నా పైనున్న పేరు డేల్ హాస్కిన్స్.

"ఎవరు నువ్వు?"

"పేరెందుకు లెండి. డేల్ చిన్నప్పుడు గడ్డిబండి మీంచి పడ్డాడు. ఇప్పటికీ దెబ్బ తగిలితే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఎవరూ చూడకుండా విదిలించుకుంటాడు."

"మా డాక్టరు భేషుగ్గా ఉందన్నాడే."

"డాక్టరుకి వాడు చెప్పడు కదండీ."

ముసలాయన వెళ్ళిపోయాడు. ఊరూరా తిరిగి ఆటగాళ్ళను చూసొచ్చే గస్ నవ్వాడు.

"డ్రాఫ్ట్ రోజున నిజం చెప్పేవాడెవడు బాస్? మనం వదిలేస్తే డేల్ తమకి దక్కుతాడని ఎవరో పంపించారు."

మధ్యాహ్నం వాళ్ళ వంతు వచ్చేసరికి ఫోను మోగింది. ఒమాహా జట్టు.

"మీ నాలుగో వంతు మాకివ్వండి. మా పదకొండో వంతు తీసుకోండి. పైగా రెండో రౌండులో మా వంతు కూడా మీదే."

మంచి బేరమే. ముసలిదైపోయిన జట్టుకి ఒకడి బదులు ఇద్దరు కుర్రాళ్ళు. కానీ డేల్ చేజారతాడు. ఈసారి కూడా గెలవకపోతే యజమాని ఎమెట్‌ని ఇంటికి పంపిస్తాడు.

"చూశారా? పొద్దున ముసలాణ్ణి పంపారు, ఇప్పుడు బేరానికొచ్చారు," అన్నాడు గస్. "ఇదివరకు మనం వాళ్ళమీద వేసిన ఎత్తే ఇప్పుడు మనమీద వేస్తున్నారు."

"ఆయన కళ్ళు అబద్ధమాడేవాడి కళ్ళలా లేవురా."

"అయితే మంచివాణ్ణే ఏరి పంపారన్నమాట."

ఎమెట్‌కీ నవ్వొచ్చింది. ఒమాహాకి వద్దని చెప్పి, డేల్ పేరు పంపించాడు.

ఆకులు రాలే కాలంలో, ఆట మధ్యలో తగిలిన ఒక మామూలు దెబ్బకి డేల్ పడిపోయాడు. లేవలేదు. రెండు జట్లవాళ్ళూ అతని కోసం ప్రార్థిస్తూ గడ్డి మీద మోకరిల్లారు.

ఆ సాయంత్రం ఒమాహా నుంచి ఫోను.

"మీ దగ్గరికి రాలేదా ఎమెట్, ఆ ముసలాయన? డ్రాఫ్ట్ ముందు వారమంతా తిరిగి అన్ని జట్ల గుమ్మాలూ తొక్కాడే. మేం నమ్మి డేల్ అట్ట గోడ మీంచి తీసేశాం. మీ వంతు అడిగింది వేరే కుర్రాడి కోసం."

మర్నాడు ఎమెట్ ఆస్పత్రికి వెళ్ళాడు.

మంచం పక్కన ఆ ముసలాయనే. చెంచాతో సూప్ తాగిస్తున్నాడు.

ఎమెట్ నోరు తెరవబోయాడు. ముసలాయన వద్దన్నట్టు తల ఊపాడు.

డేల్ మెడ తిప్పలేక కళ్ళు మాత్రమే తిప్పాడు.

"మా తాతయ్య సార్. నన్ను పెంచింది ఈయనే. మొదటి రౌండులోనే నన్నెవరో ఒకరు ఎంచుకోవాలని నాకన్నా ఈయనకే ఎక్కువ ఆశ."