బొప్పయ్య గుల్ల

కొన్ని పీతలకు గట్టి పెంకుండదు; సముద్రం విసిరేసిన గుల్లల్లోనే వాటి కాపురం. పెద్ద గుల్ల ఒడ్డుకొస్తే పెద్ద పీత అందులోకి మారి, తన పాతది చిన్నదానికి వదిలేస్తుంది. అదీ ఆనవాయితీ.

ఆ ఏడాది గుల్లలకు కరువొచ్చింది. బొప్పయ్య అనే ముసలి పీత గుల్లకు గిరాకీ పెరిగింది.

"మామా, అదిగో పెద్ద గుల్ల! నువ్వందులోకి మారితే నీది నేను తీసుకుంటా. ఒళ్ళు బయటపడి కాకుల కంట్లో పడుతున్నా," అంది పక్కింటి పీత.

"ఊరికే ఇచ్చేయనా? ఆగితే రొయ్యలు పోసి మరీ కొంటారు," అన్నాడు బొప్పయ్య.

పెద్ద గుల్లను అల లాక్కుపోయింది. పక్కింటి పీతను కాకి ఎత్తుకుపోయింది. బొప్పయ్య ఆగుతూనే ఉన్నాడు, ఒళ్ళు పెరుగుతూనే ఉంది.

చివరికి రెండు పీతలు గంపెడు రొయ్యలతో వచ్చాయి. బొప్పయ్య సంబరంలో తనకు వేరే గుల్ల లేదన్న సంగతే మరిచి బయటికి రాబోయి ఇరుక్కుపోయాడు. ఊపిరాడలేదు.

"లాగండర్రా!" అని అరిచాడు.

అవి మొహమొహాలు చూసుకున్నాయి.

"లాగడమెందుకు? ఆగితే గుల్ల ఊరికే వస్తుంది," అంటూ రొయ్యలు తింటూ కూర్చున్నాయి.