దాత గారి ఒకే ఒక్క షరతు

దాత గారికి పట్టుపంచెల చాపు కొన్నాడు కృష్ణబాబు. పొడుగెంతని దుకాణంవాడు అడిగితే “పెద్దమనిషి పొడుగు” అన్నాడు. అంతకుమించి తనకీ తెలీదు. దాత ఎవరో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

కృష్ణబాబు మగవారి సేవా షెడ్డుకి సెక్రటరీ. చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమస్తాగా రిటైరయ్యాడు. జన్మలో సుత్తి పట్టిన పాపాన పోలేదు, అయినా సెక్రటరీకి సుత్తితో పనేమిటి? మిగతా పదకొండుమందీ రిటైరైనవాళ్ళే. ఏడాది కిందటి దాకా అనకాపల్లిలో అచ్యుతాపురం రోడ్డు బస్టాపే వీళ్ళ ఆఫీసు. తెల్లారగట్ల టీ తాగి వచ్చి బల్ల మీద చేరితే, ఎండెక్కేదాకా దేశాన్ని నడిపేవాళ్ళు. భోంచేసి వచ్చి మళ్ళీ నడిపేవాళ్ళు.

అలాంటిది ఓ రోజు ధనరాజ్ వచ్చి, బస్టాపుకి కిలోమీటరు దూరంలో ఉన్న తన రేకుల షెడ్డు తాళం కృష్ణబాబు చేతిలో పెట్టాడు. లోపల సుత్తులు, రంపాలు, డ్రిల్లింగ్ మిషన్, అన్నీ ఉన్నాయి.

“ఒక దాత గారు ఏడాదికి అద్దె కట్టేరు. మీలాంటి అనుభవం ఉన్న మగాళ్ళు ఊరికి పనికొచ్చే సామాన్లు తయారుచెయ్యాలంట,” అన్నాడు.

పేరు చెప్పనని ధనరాజ్ చేత ఒట్టు వేయించుకున్నారట. షరతు మాత్రం ఒక్కటే. పొద్దున్న ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా సభ్యులంతా షెడ్డులోనే ఉండాలి. తక్కిన టైములో వాళ్ళిష్టం.

“అదీ క్రమశిక్షణంటే. తెల్లారకుండా లేచే మనిషి గాబట్టే అంత సంపాదించేడు,” అన్నాడు కృష్ణబాబు, బస్టాపు బల్ల మీద తీసే మధ్యాహ్నం కునుకుని దాత గారికి అంకితమిచ్చేస్తూ.

ఏడాదిలో షెడ్డు చాలా సేవ చేసింది. అంగన్‌వాడీకి పది స్టూళ్ళు ఇచ్చారు. కూచుంటే ఊగేవి. పిల్లలకి ఊగడం సరదా కదా అని మీటింగు పుస్తకంలో రాసుకున్నాడు కృష్ణబాబు. చలివేంద్రానికి కుండల స్టాండు చేశారు. ఇప్పుడు చలివేంద్రం వాళ్ళు ప్లాస్టిక్ డ్రమ్ము వాడుతున్నారు. పని తెలిసినవాడు పాత ఫిట్టరు కొర్లయ్య ఒక్కడే. అతను మేకు పెట్టేలోగా పదకొండుమంది పదకొండు చోట్లు చూపిస్తే, విసుగొచ్చి పన్నెండో చోట కొట్టేసేవాడు.

అయితేనేం, కృష్ణబాబుకి ఊళ్ళో విలువొచ్చింది. వెల్లుల్లిపాయలు తెచ్చి ఒళ్ళో పడేసే భార్య చిన్నమ్మలు కూడా ఇప్పుడు “మా సెక్రటరీ గారు” అంటోంది. కాస్త వెటకారంగానే అనుకోండి. పిలుపు పిలుపే.

ఈ నెలతో ఆ అద్దె గడువు తీరిపోతోంది.

“మళ్ళీ కడతాడంటావా బావా? కట్టకపోతే ఏటి సేత్తాం?” అన్నాడు కొర్లయ్య.

మళ్ళీ ఆ బస్టాపు, మళ్ళీ ఆ వెల్లుల్లిపాయలు. వద్దు బాబోయ్ అనుకున్నాడు కృష్ణబాబు.

“సన్మానం సేద్దాం బావా. దండ పడితే కరగని మనిషి లేడు,” అన్నాడు.

ధనరాజ్ వెళ్ళి కబురు తెచ్చాడు. ఆదివారమైతేనే వస్తారట, తక్కిన రోజులు బొత్తిగా తీరదట. “అంత తీరుబడి లేదంటే ఫ్యాక్టరీ ఓనరే,” అని తేల్చేశాడు కృష్ణబాబు.

ఆదివారం సాయంత్రం షెడ్డు ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో కృష్ణబాబు నిలువెత్తున నమస్కారం పెడుతున్నాడు. దాత గారి ఫొటో ఉండాల్సిన చోట గులాబీ పువ్వుంది. ముందు వరసలో కుర్చీలకి తెల్లగుడ్డలు తొడిగారు. బెల్లం గవ్వలు పళ్ళేల్లో సర్దారు.

ముందుగా ఓ ముప్పైమంది ఆడవాళ్ళు దిగారు. ఎవరా అని చూస్తే, అప్పట్లో పొద్దున్నా మధ్యాహ్నం కంపెనీ బస్సుల కోసం బస్టాపులో రోజూ నిలబడి కనిపించిన ఆడవాళ్ళే. గవ్వల సంగతి అప్పుడే ఊరంతా పాకిందన్నమాట అనుకున్నాడు కృష్ణబాబు.

“ముందు కుర్చీలు దాత గారి మనుషులకమ్మా. మీరలా ఎనకాల నిలబడండి.”

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, వెళ్ళి నిలబడ్డారు.

కాసేపటికి ధనరాజ్ వచ్చి, “వచ్చేసేరు గదా, మొదలెట్టండి,” అన్నాడు. కృష్ణబాబు రోడ్డు కేసి చూశాడు. కారు లేదు. ఇటు తిరిగేసరికి ఆ ఆడవాళ్ళలోంచి సత్యలక్ష్మి అనే ఆవిడ స్టేజి ఎక్కి, ఓ కవరు చేతికందించింది.

“ఇంకో ఏడాది అద్దె బాబాయ్.”

కృష్ణబాబుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. “మీ ఓనరు గారు పంపించేరా తల్లీ? ఆయనకి కుదిరింది కాదు గావాల,” అని, ఆవిడ నోరు తెరిచేలోపే మైకు అందుకున్నాడు. మైకు అందుకున్న కృష్ణబాబుని ఆపడం ఎవరి తరమూ కాదు.

“దాత గారి రుణం ఉంచుకునే మనుషులం కాం మేం. రేపట్నించే కొత్త ప్రాజెక్టు. మేం కూచుని పెరిగిన బస్టాపు బల్లని బాగుచేత్తాం. పన్నెండుమందిమీ పొద్దున్న ఐదున్నరకల్లా అక్కడుంటాం. ఎన్ని నెలలైనా సరే, ఆ బల్ల వదిలి కదలం.”

మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ ముప్పైమందిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

సత్యలక్ష్మి అతని చేతిలోంచి మైకు లాక్కుంది.

“అంత పని సెయ్యకండి బాబాయ్, ఆ బల్ల మీంచి మిమ్మల్ని లేపి మేం కూచోడానికే గదా, రెండు బస్సులోళ్ళం తలా ఇంతేసుకుని మీకీ షెడ్డు పెట్టించేం.”